రోజువారీ ఒత్తిడి నుంచి త్వరగా తేరుకోవడం ఎలా? (బెంగళూరు, రాత్రి కాల్స్ ఉండే ఉద్యోగం)

రింగురోడ్డు అడిగిన ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఇల్లు మారతహళ్లిలో, ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో. సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్ దాటేసరికే సగం ఓపిక అయిపోతుంది. రాత్రి తొమ్మిదిన్నరకు అమెరికా టీముతో కాల్. పదిన్నరకు అయిపోయినా పన్నెండు దాటితే గానీ నిద్ర పట్టదు. చెప్పుకోదగ్గ కష్టాలేమీ లేవు గానీ, మీటింగులో ఎవరైనా ఒక మాట అంటే రోజంతా అదే బుర్రలో తిరుగుతుంది. పాజిటివ్‌గా ఉండమనే సలహాలు చాలా విన్నాను. ఏ పని, ఏ వేళ, ఎన్ని నిమిషాలు చెయ్యాలో తెలిసినవాళ్లు చెప్పండి. దీర్ఘశ్వాస తీస్తే నాకు తల తిరుగుతుంది. అదెందుకో కూడా చెప్పగలరు.

నిదానం:
ముందు తల తిరగడం గురించి. దీర్ఘశ్వాస అనగానే చాలామంది గుండెల నిండా గాలి పీల్చి, వెంట వెంటనే వదిలేస్తారు. అలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, మెదడుకు వెళ్లే రక్తనాళాలు కాస్త ముడుచుకుంటాయి. తల తేలిపోవడం, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కడం అందుకే. గాలి ఎక్కువ పీల్చక్కర్లేదు, నెమ్మదిగా పీలిస్తే చాలు.

ముక్కుతోనే, మామూలుగా పీల్చేంతే పీల్చండి. లోపలికి నాలుగు అంకెలు, బయటికి ఆరు. సెకనుకో అంకె లెక్కన నిమిషానికి 6 శ్వాసలు వస్తాయి. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నాడి (మెదడు నుంచి గుండెకు వెళ్లే నరం) పట్టు పెరిగి గుండె వేగం తగ్గుతుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూస్తే కొందరికి తేడా తెలుస్తుంది కూడా. 4–6 కష్టమైతే 3–4తో మొదలుపెట్టండి. మధ్యలో బిగబట్టే పద్ధతులు మీకు ఇప్పుడే వద్దు.

ఎక్కువమంది తప్పు చేసేది ఒక్కచోట: కోపం నెత్తికెక్కాక మొదటిసారి ప్రయత్నిస్తారు, పని చెయ్యలేదంటారు. మనసు బాగున్నప్పుడు రోజూ 5 నిమిషాలు చేసి అలవాటు చేసుకుంటేనే అవసరానికి అందుతుంది. బండి నడుపుతూ మాత్రం వద్దు. సిగ్నల్ దగ్గర బిగిసిన దవడ వదులు చేసి, భుజాలు కిందికి దించితే చాలు.

ఇంకోటి. ఒత్తిడి తెచ్చే పనినే తగ్గించగలిగితే అంతకంటే కావలసిందేముంది? సిల్క్ బోర్డు నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి 2025 ఆగస్టు నుంచి మెట్రో పసుపు లైను నడుస్తోంది. వారంలో రెండు రోజులైనా అలా వెళ్లి చూడండి.

పొద్దుపొడుపు:
నిదానం గారు చెప్పింది సరైనదే కానీ, నేనైతే నిద్రనే ముందు పెడతాను. నిద్ర చాలని మనిషికి చిన్న మాట కూడా పెద్దగా గుచ్చుకుంటుంది.

లేచే వేళ ఒకటే పెట్టుకోండి, ఆదివారమైనా అరగంటకు మించి మారకూడదు. లేచాక 20 నిమిషాలు ఎండలో నడవండి. సాయంత్రం కాఫీ సంగతి మీరు రాయలేదు. కాఫీలోని కెఫీన్ సగానికి తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది. అయిదింటికి తాగితే పదింటికి కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం రెండు గంటలు దాటాక మానెయ్యండి. రోజుకు నాలుగైదు తాగేవారైతే ఒక్కసారిగా ఆపొద్దు, తలనొప్పి పట్టుకుంటుంది. రెండు మూడు రోజులకో కప్పు చొప్పున తగ్గించండి.

కాల్ అయ్యాక నేరుగా మంచమెక్కడం వల్లే మీకు ఇబ్బంది. లాప్‌టాప్ మూసేముందు, రేపు మొదట చెయ్యాల్సిన పనిని కాగితం మీద ఒక వాక్యంలో రాయండి. ‘రిపోర్టు’ అని వదిలేస్తే బుర్ర మళ్లీ దాన్నే నములుతుంది. ‘పదింటికి రిపోర్టులో మూడో పట్టిక సరిచూడాలి’ అని రాస్తే వదిలేస్తుంది. తర్వాత ముప్పావుగంట పెద్ద లైట్లు ఆర్పేసి, ఆఫీసు చాట్ చూడకుండా ఉండండి. పడుకున్నాక 20 నిమిషాల్లో నిద్ర రాకపోతే (గడియారం చూడొద్దు, అంచనా చాలు) లేచి వేరే గదిలో కూర్చోండి. కళ్లు మూతలు పడుతుంటేనే మళ్లీ మంచం మీదికి. మెలకువతో దొర్లేకొద్దీ, మంచమంటేనే మెలకువ అని ఒళ్లు అలవాటు పడిపోతుంది. మొదటి వారం ఇంకా అలసటగా ఉంటుంది, చాలామంది అక్కడే వదిలేస్తారు.

రింగురోడ్డు:
కాఫీ అయిదున్నరకండి, రోజూ. దొరికిపోయాను! మరి ఆ మాటలు తిరగడం ఆగేదెలా?

నిదానం:
ఆపాలని చూస్తే ఎక్కువవుతుంది. దానికో వేళ ఇవ్వండి. సాయంత్రం ఆరున్నరకు 15 నిమిషాలు, నోటుబుక్కు పెన్నుతో. పగలు ఆ మాట గుర్తొస్తే రెండు ముక్కలు రాసుకుని, ‘ఆరున్నరకు చూద్దాం’ అనుకుని పనిలోకి వెళ్లండి. ఆ వేళకు ఒక్కోదాన్నీ తీసి, నా చేతిలో ఏమైనా ఉందా అని అడగండి. ఉంటే ఏం చేస్తానో, ఎప్పుడో రాయండి. లేకపోతే లేదని రాసి గీత కొట్టండి. సగం వాటికి అప్పటికే వేడి తగ్గిపోయి ఉంటుంది. మంచం మీద మాత్రం ఈ పని చెయ్యకండి.

ఫలితం తెలియాలంటే, కోపం రావడం మానేసిందా అని చూడొద్దు, వస్తూనే ఉంటుంది. వచ్చాక ఎంతసేపటికి మామూలయ్యారో రాసుకోండి. సాయంత్రం దాకా ఉండేది మధ్యాహ్నానికే తగ్గితే దారిలో ఉన్నట్టే.

పొద్దుపొడుపు:
అన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. మొదటి రెండు వారాలు లేచే వేళ, కాఫీ. తర్వాత శ్వాస. ఆపైన నోటుబుక్కు.

ఒక జాగ్రత్త. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే టెన్షనేలే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. విడవని అలసటకు థైరాయిడ్, రక్తహీనత, బీ12 లోపం కూడా కారణాలు కావచ్చు, పరీక్ష చేయించండి. రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, 14416కి ఫోన్ చెయ్యండి. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగకండి, అప్పుడే చెయ్యండి. నేరుగా చూపించుకోవాలంటే హోసూర్ రోడ్డులో నిమ్హాన్స్ (మానసిక ఆరోగ్య ఆసుపత్రి) మీ దారికి దగ్గరే.