అప్‌డేట్: ప్రత్యేక పాఠశాల తరగతిలో నేను చూసినది

ఆటిజం ఉన్న మా అబ్బాయిని ప్రత్యేక పాఠశాలలో చేర్చే ముందు తరగతి గదిని చూసే అవకాశం దొరికిందనీ, అక్కడ ఏమేం గమనించాలో చెప్పమనీ ఇంతకుముందు అడిగాను. మొన్న వెళ్లి, వెనుక మూలన కూర్చొని రెండు గంటలు చూసి వచ్చాను.

పిల్లలు ఆరుగురు, ఒక ఉపాధ్యాయురాలు, ఇద్దరు సహాయకులు. ప్రతి బల్ల పక్కనా ఆ రోజు పనులను వరుసగా చూపే బొమ్మల పట్టిక ఉంది. పని ముగియగానే పిల్లలే ఆ బొమ్మను తీసి కింది సంచిలో వేస్తున్నారు. 1970లలో అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఆటిజం ఉన్నవారి బోధన కోసం రూపుదిద్దుకున్న టీచ్ (TEACCH) పద్ధతిలో ఇటువంటి పట్టికలకు ముఖ్య స్థానం ఉంది. గోడలు దాదాపు ఖాళీగా ఉండటం మొదట వెలితిగా తోచింది గానీ, పిల్లల దృష్టి చెదరకూడదనే అలా ఉంచారట.

పిల్లలు కలత చెందినప్పుడు పెద్దలు ఏం చేస్తారో చూడమన్న సలహాయే అన్నింటికంటే ఉపయోగపడింది. గంట మోగగానే ఒక బాబు చెవులు మూసుకొని ఏడవసాగాడు. ఉపాధ్యాయురాలు మాటలు ఆపి, దీపం తగ్గించి, అతన్ని తాకకుండా, విరామం కావాలని మాటల్లేకుండా అడగడానికి వాడే కార్డును చేతికందేంత దూరంలో పెట్టి ఊరుకున్నారు. కొన్ని నిమిషాలకు అతడే ఆ కార్డు ఆమెకిచ్చి, మూలనున్న చిన్న గుడారంలోకి వెళ్లాడు. ఆమె వేచి ఉన్నంతసేపట్లో ఇంట్లో నేనైతే ఒకే ప్రశ్న పదిసార్లు అడిగి ఉండేదాన్ని.

నచ్చనిదీ ఒకటుంది: ఒక సహాయకుడు పదేపదే "నా కళ్లలోకి చూడు" అని పట్టుబట్టాడు; ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు అలా చూడటం ఇబ్బందిగా ఉంటుంది. దీని గురించి అడిగితే స్పష్టమైన జవాబు రాలేదు. అందుకే వచ్చే వారం, ఈసారి అబ్బాయిని వెంటబెట్టుకొని, మరోసారి వెళ్లాలని నిర్ణయించుకున్నాను.