ఆర్‌ఎక్స్ 100కు 28 కార్బొరేటర్: జెట్ తేల్చాల్సింది ప్లగ్గా, మీటరా?

హన్మకొండ నూరు సీసీ

జాతర రద్దీకి ముందే తల్లులకు మొక్కు అప్పజెప్పుదామని జనవరిలో మేడారం బయలుదేరితే, పస్రా దాటాక నా యమహా ఆర్‌ఎక్స్ 100 టూ స్ట్రోక్ బండి పట్టేసింది, అంటే పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోయింది. పొద్దుగాల ఐదున్నర, మంచు, రోడ్డు ఖాళీ. నాలుగో గేర్‌లో యాక్సిలరేటర్ మొత్తం తిప్పి పోతున్నా. ఇంజిన్ శబ్దం ఒక్కసారి సన్నబడింది. ఆ వెంటనే ఎవరో వెనక నుంచి పట్టి గుంజినట్టు బండి బిగుసుకుంది. రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీదే ఉండే అలవాటు కాబట్టి పడలేదు.

బండి 1994ది. మా నాన్న ఎనుమాముల మార్కెట్‌కు పత్తి ధర కనుక్కోవడానికి పోయొచ్చిన బండి, అందుకే దాని మీద అంత ప్రాణం. సిలిండర్‌కు కొద్దిగా పోర్టింగ్ (గాలి, పొగ దారులు అరగదీయడం) చేయించా. కంపెనీ ఇచ్చిన 20 మి.మీ. మికుని కార్బొరేటర్ తీసేసి కెయిహిన్ పీడబ్ల్యూకే 28, అంటే 28 మి.మీ.ది పెట్టా. మెయిన్ జెట్ (ఫుల్ థ్రాటిల్‌లో పెట్రోల్ పారే రంధ్రం ముక్క) 110. రెండేళ్ల కింద మే నెలలో మెకానిక్, నేను కూర్చుని ఆ సెట్టింగ్ చేశాం. స్పార్క్ ప్లగ్ తీసి చూస్తే చాయ్ రంగు, అంటే గాలి, పెట్రోల్ పాళ్లు కుదిరాయి, ఇక చాలనుకున్నాం.

ఇప్పుడు సిలిండర్‌ను 0.50 మి.మీ. పెద్దగా బోర్ చేయించి మళ్లీ జెట్ దగ్గరికి వచ్చా. మా వాళ్లంతా ప్లగ్ చూసే కాలం పోయింది, పొగలో ఆక్సిజన్ చూసి గాలి, పెట్రోల్ పాళ్లు చెప్పే వైడ్‌బ్యాండ్ మీటర్ పెట్టు అంటున్నారు. సెన్సర్, మీటర్, సైలెన్సర్ బెండ్‌కు వెల్డింగ్ అన్నీ కలిపితే బోర్ ఖర్చు దాటుతుంది. ఖర్చు అటుంచితే, టూ స్ట్రోక్‌కు ఆ మీటర్ నిజం చెప్పదని నా నమ్మకం. ప్లగ్ మమ్మల్ని మోసం చేయలేదు, దాన్ని చూడాల్సిన పద్ధతిలో మేము చూడలేదు. కాదనేవాళ్లు కారణం చెప్పండి, వింటా.

కాజీపేట కిక్కర్

అన్నా, బండి సంగతి విని బాధేసింది. కానీ మీ కథే మీటర్ ఎందుకు కావాలో చెబుతోంది. చాయ్ రంగు అనేది ఒక్కొక్కరి కంటికి ఒక్కోలా ఉంటుంది. పైగా ఆ రంగుల లెక్క సీసం కలిపిన పెట్రోల్ రోజులది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే. సీసం ఉన్నప్పుడు పింగాణీ మీద పేరుకున్న రంగు ఇప్పుడు పడదు. కొత్త ప్లగ్ వేసి పది కిలోమీటర్లు తిరిగినా తెల్లగానే ఉంటుంది. అది చూసి లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) అనుకుని జెట్ పెంచినవాళ్లు ఎంతమందో.

మీటర్ అయితే నంబర్ చెబుతుంది, ఒక పాలు పెట్రోల్‌కు ఎన్ని పాళ్ల గాలి అని. ఫుల్ థ్రాటిల్‌లో 12.5, 13 మధ్య ఉంటే నిశ్చింత. 14 దాటుతుంటే ఆపెయ్యాలి. రేపు చెప్పినా, వచ్చే ఏడాది చెప్పినా అదే భాష.

ములుగు రోడ్ షెడ్డు

ప్లగ్, మీటర్ తర్వాత. ముందు ఒక్క మాట చెప్పు తమ్మీ, పిస్టన్ మీద గీతలు ఎక్కడ పడ్డాయి? చుట్టూ నాలుగు చోట్లా, లేక సైలెన్సర్ వైపు మాత్రమేనా?

నాలుగు మూలలా ఉంటే ఇంజిన్ వేడెక్కకముందే లాగినట్టు. పిస్టన్ తొందరగా ఉబ్బుతుంది, బయటి సిలిండర్ ఇంకా చల్లగానే ఉంటుంది. దానికి జెట్‌తో సంబంధం లేదు. సైలెన్సర్ వైపు మాత్రమే గీతలుంటే అప్పుడు లీన్ మాట మాట్లాడాలి.

హన్మకొండ నూరు సీసీ

సైలెన్సర్ వైపే, కాకా. వేలి గోరు తగిలించి చూస్తే గాడి తెలుస్తోంది. పిస్టన్ అల్యూమినియం కరిగి సిలిండర్ గోడకు వెండి పూతలా అంటుకుంది. మిగతా మూడు వైపులా నున్నగానే ఉంది. అప్పటికే హన్మకొండ నుంచి డెబ్బై కిలోమీటర్లు దాటి వచ్చాను, చల్ల ఇంజిన్ అనే మాటే లేదు.

ములుగు రోడ్ షెడ్డు

అయితే లీనే. కారణం మే నెల. మా షెడ్డుకు వచ్చే పిల్లలకు మొత్తుకుని చెప్పేది ఇదే: ఎండాకాలంలో సెట్ చేసిన జెట్‌తో చలికాలం పొద్దున ఫుల్‌గా లాగొద్దు. వరంగల్ మేలో 44 డిగ్రీలు. జనవరి తెల్లవారుజామున 15, ములుగు అడవిలో ఇంకా తక్కువ. చల్లగాలి చిక్కగా ఉంటుంది. అదే గొట్టంలోంచి ఎక్కువ గాలి లోపలికి పోతుంది, పెట్రోల్ మాత్రం ఆ లెక్కన పెరగదు. చాలామంది ఉల్టా అనుకుంటారు, ఎండకు జెట్ పెంచాలి, చలికి తగ్గించాలి అని.

కాజీపేట కిక్కర్

కాకా చెప్పింది లెక్కకు కూడా సరిపోతుంది. 44 నుంచి 15కు దిగితే గాలి సాంద్రత పది శాతం దాకా పెరుగుతుంది. కార్బొరేటర్ అందులో సగం తనంతట తానే సర్దుకుంటుంది, ఎందుకంటే చిక్కటి గాలి పెట్రోల్‌ను కూడా కొంచెం గట్టిగా లాగుతుంది. మిగిలేది సుమారు ఐదు శాతం లీన్. కెయిహిన్ జెట్ మీద నంబర్ అంటే రంధ్రం వ్యాసం, 110 అంటే 1.10 మి.మీ. పారే పెట్రోల్ వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఐదు శాతానికి 112 లేదా 113 చాలు. ఒక్క సైజు తేడాకు బండి పట్టేయడం కొంచెం ఆశ్చర్యమే. ఇంకేదో తోడై ఉండాలి.

పరకాల పాతబండి

తోడైంది పెట్రోలే. రెండేళ్ల కింద పోసిన పెట్రోల్‌లో ఉన్నదానికంటే ఇప్పుడు ఇథనాల్ ఎక్కువ, 20 శాతం దాకా వచ్చింది. ఉట్టి పెట్రోల్ ఒక పాలు మండడానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. 20 శాతం కలిస్తే లెక్క 13.5 దగ్గరికి వస్తుంది. అంటే అదే జెట్‌తో బండి దానంతటదే లీన్ వైపు జరిగింది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లకు సెన్సర్ ఉంది, సర్దుకుంటాయి. మన కార్బొరేటర్‌కు ఎవరు చెబుతారు?

ఇంకో సంగతి. ఆ జెట్ కెయిహిన్‌దేనా, లేక మికుని జెట్ సరిపోయిందని బిగించారా? మికుని హెక్స్ జెట్ మీద నంబర్ రంధ్రం సైజు కాదు, నిమిషానికి ఎంత పారుతుందన్న లెక్క. రెండు 110లూ ఒకటి కాదు. డూప్లికేట్ జెట్లయితే నంబర్‌ను నమ్మడమే దండగ. మా పరకాలలో ఒక దుకాణంలో కొన్న సెట్‌లో 112, 115 రెండింట్లోనూ ఒకే పిన్ను దూరింది.

షార్జా జగిత్యాల

నేను పదకొండేళ్లు షార్జాలో ఒక గ్యారేజీలో పని చేసి వచ్చా. టూ స్ట్రోక్ మీద మీ అంత అనుభవం లేదు. కానీ ఇదే పంచాయితీ మాకు రోటరీ ఇంజిన్ మీద నడిచింది, అది చెబితే పనికొస్తుందేమో.

కారు మొదటి తరం మాజ్డా ఆర్‌ఎక్స్-7, 1978లో మొదలైన మోడల్. ఇంజిన్ 12ఏ. ఒక్కో రోటర్ 573 సీసీ చొప్పున రెండు, మొత్తం 1146. పిస్టన్ లేదు, వాల్వ్ లేదు, మూడు మూలల రోటర్ గుండ్రంగా తిరుగుతూ పోర్టులను తనే తెరిచి మూస్తుంది. మీ టూ స్ట్రోక్ లాగే పెట్రోల్‌తో పాటు ఆయిల్ కూడా కాలుస్తుంది. కంపెనీ కార్బొరేటర్‌కు నాలుగు గొట్టాలు. ఓనర్ దాన్ని తీయించి వెబర్ 48 ఐడీఏ పెట్టించాడు, 48 మి.మీ. గొట్టాలు రెండు. ఇంజిన్‌కు బ్రిడ్జ్ పోర్ట్ కూడా చేయించాడు, అంటే గాలి వచ్చే దారిని అదనంగా కోసి ముందే తెరుచుకునేలా చేయడం.

కొత్త మీటర్ పెట్టాం. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ ముట్టకుండా ఇంజిన్ నడిచేటప్పుడు) 16, 17 చూపిస్తోంది. లీన్, లీన్ అని ఐడిల్ జెట్ పెంచాం. ఇంకా లీనే. మళ్లీ పెంచాం. మూడోసారికి నాలుగు ప్లగ్గులూ పెట్రోల్‌లో ముంచి తీసినట్టు తడిసి, కారు స్టార్టే కాలేదు. కారణం మా పాత ఫోర్‌మన్ చెప్పాడు. బ్రిడ్జ్ పోర్ట్ చేసిన రోటరీలో ఐడిల్ దగ్గర గాలి దారి, పొగ దారి ఒకేసారి తెరుచుకుని ఉంటాయి. పాత పొగ కొత్త మిశ్రమంలో కలిసి సరిగ్గా అంటుకోదు, మిస్సింగ్ వస్తుంది. అంటుకోని మిశ్రమంలోని ఆక్సిజన్ అంతా సైలెన్సర్‌లోకి పోతుంది. సెన్సర్‌కు తెలిసింది ఆక్సిజన్ ఒక్కటే. దాని పక్కనే మండని పెట్రోల్ కూడా పోతోందని దానికి తెలియదు. అందుకే రిచ్‌గా (పెట్రోల్ ఎక్కువగా) ఉన్న ఇంజిన్‌ను లీన్ అంటుంది.

అప్పటి నుంచి ఐడిల్ చెవితో, ప్లగ్గుతో చూశాం. లోడ్ మీద మాత్రం మీటర్‌తోనే. రోటరీలో ఫుల్ లోడ్ మీద లీన్ అయి నాకింగ్ (మిశ్రమం తనంతట తానే పేలడం) వస్తే రోటర్ మూలల్లో ఉండే ఏపెక్స్ సీల్ విరుగుతుంది, ఆ ముక్క లోపలి గోడనంతా గీకి బయటికి పోతుంది. అక్కడ అంచనాలతో ఆడుకోలేం.

హన్మకొండ నూరు సీసీ

అన్నా, నా మనసులో ఉన్న మాటకు రుజువు దొరికింది. టూ స్ట్రోక్‌లోనూ అంతే కదా? కొత్త మిశ్రమం పాత పొగను బయటికి నెట్టేటప్పుడు కొంత తనే సైలెన్సర్‌లోకి జారిపోతుంది. అందులోని గాలిని చూసి మీటర్ లీన్ అంటుంది. ఇంక దాన్ని ఎలా నమ్మాలి?

కాజీపేట కిక్కర్

అన్నా, షార్జా అన్న చెప్పింది సగమే తీసుకుంటున్నారు. ఐడిల్‌లో నమ్మొద్దన్నారు, లోడ్ మీద మీటర్‌తోనే చేశామన్నారు. టూ స్ట్రోక్‌లో జారిపోవడం ఎప్పుడూ ఉంటుంది, ఒప్పుకుంటా. కాబట్టి 12.8 అన్న నంబర్‌ను అక్షరాలా పట్టుకోవద్దు. కానీ అదే బండి, అదే రోడ్డు, అదే గేర్‌లో నిన్న 12.8 చూపించి ఇవాళ 13.6 చూపిస్తే ఏదో మారిందని అర్థం. ఆ తేడా అబద్ధం కాదు. మీకు జనవరిలో ఆ తేడా కనబడి ఉంటే పస్రా దగ్గర యాక్సిలరేటర్ వదిలేసేవాళ్లు. ప్లగ్ విప్పి చూడాలంటే ఆగాలి. పట్టేసే ముందు మనకు దొరికేది రెండు మూడు సెకన్లు.

ఇథనాల్ విషయంలోనూ మీటర్‌దే పైచేయి. అది నిజానికి కొలిచేది ల్యాంబ్డా, అంటే ఆ పెట్రోల్‌కు కావలసిన గాలిలో ఎంత వంతు అందిందని. పెట్రోల్ మారినా దాని లెక్క చెడదు.

హన్మకొండ నూరు సీసీ

ఆ రెండు మూడు సెకన్ల మాట నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు.

ములుగు రోడ్ షెడ్డు

నాకు మీటర్ మీద కోపం లేదు. కానీ టూటీ ఆయిల్ (పెట్రోల్‌తో పాటు కాలే టూ స్ట్రోక్ ఆయిల్) మసి పట్టి ఆ సెన్సర్ ఎన్నాళ్లు బతుకుతుంది? రోజూ తిరిగే బండికి అది పెట్టి ఉంచొద్దు. సెట్టింగ్ రోజు బిగించి, అయిపోయాక తీసి దాచుకోవాలి.

ప్లగ్ గురించి తమ్ముడు చెప్పిన సీసం మాట ఒప్పే. అందుకే కొన మీద రంగు చూడొద్దు. కొత్త ప్లగ్ వేసుకుని పో. ఇంజిన్ బాగా వేడెక్కాక మూడో గేర్‌లో ఫుల్ థ్రాటిల్‌తో ఒక కిలోమీటరు లాగు. థ్రాటిల్ వదలకుండానే ఇంజిన్ కట్ చేసి అదే క్షణం క్లచ్ పట్టు. స్టార్ట్ చేసుకుని షెడ్డుకు వచ్చావంటే ప్లగ్ చెప్పేది ఐడిల్ సంగతి, మెయిన్ జెట్ సంగతి కాదు. అక్కడే విప్పి, టార్చి వేసి, కంసాలి వాడే భూతద్దం పెట్టి పింగాణీ అడుగున చూడు, అది ఇనుప గొట్టంలోకి దిగే చోట. సన్నటి గోధుమ రంగు ఉంగరం కనబడాలి. ఉంగరమే లేకపోతే లీన్. నల్లగా మందంగా ఉంటే రిచ్.

ఇదంతా ఒక ఎత్తు. నేను అడగదలచింది, 98 సీసీకి 28 ఎందుకు? 20 నుంచి 28 అంటే గొట్టం వైశాల్యం దాదాపు రెట్టింపు. సిటీలో సగం థ్రాటిల్‌లో గాలి వేగం పడిపోతుంది, జెట్ దగ్గర లాగే బలం ఉండదు. పికప్ దగ్గర గొంతు పట్టినట్టు అవుతుంది. దాన్ని కప్పడానికి పైలట్ (ఐడిల్ జెట్) పెంచుతారు, నీడిల్ (సగం థ్రాటిల్‌లో పెట్రోల్ కొలిచే సూది) లేపుతారు, అన్నీ తారుమారు. రోడ్డు బండికి 24 చాలు. ఇంకొకటి, కార్బొరేటర్‌ను సిలిండర్‌కు కలిపే ఇన్‌టేక్ రబ్బర్ చూశావా? ముప్పై ఏళ్ల రబ్బర్. అక్కడ గాలి లాగుతుంటే ప్లగ్గు, మీటరు రెండూ లీన్ అనే చెబుతాయి, నువ్వు జెట్ పెంచుతూ కూర్చుంటావు.

హన్మకొండ నూరు సీసీ

మూడు వారాలకు మళ్లీ రాస్తున్నా. కాకా చెప్పిన రబ్బర్ దగ్గర ఆగిపోయా. విప్పి వేళ్లతో వంచి చూస్తే కింది వైపు, బిగించినప్పుడు కనబడని చోట, గోరంత పగులు నోరు తెరిచింది. వంచకపోతే మూసుకునే ఉంటుంది. రెండేళ్లూ దాన్ని పైనుంచే చూసి బాగుందనుకున్నా. అక్కడా గాలి లాగొచ్చని క్రాంక్ ఆయిల్ సీళ్లు కూడా మార్పించా.

కిక్కర్ తమ్ముడు తన మీటర్ తెచ్చి ఒక రోజు ఇచ్చాడు. కొత్త రబ్బర్‌తో, ఒరిజినల్ కెయిహిన్ 112తో ములుగు రోడ్డు మీద పొద్దున ఆరింటికి లాగితే 13.4. 115 వేశాక 12.7. అక్కడే కట్ చేసి ప్లగ్ విప్పాం. భూతద్దంలో ఉంగరం సన్నగా, లేత గోధుమ రంగులో కనబడింది. రెండూ ఒకటే చెప్పాయి. మీటర్ టూ స్ట్రోక్‌కు పనికిరాదన్న నా మాట ఫుల్ థ్రాటిల్ వరకు వెనక్కి తీసుకుంటున్నా. ఐడిల్‌లో మాత్రం బండి శుభ్రంగా నడుస్తుంటే 16 చూపించింది. దాన్ని పట్టించుకోకుండా ఐడిల్ మిశ్రమం సర్దే ఎయిర్ స్క్రూ ఒకటిన్నర చుట్ల దగ్గర చెవితోనే సెట్ చేశా.

28 తీసేయమన్న మాట ఇంకా ఒప్పుకోలేదు. నీడిల్ క్లిప్ ఒక గాడి కిందికి దించాక సిటీలో గొంతు పట్టడం చాలా వరకు పోయింది. అయినా సుబేదారి సిగ్నల్ దగ్గర రెండో గేర్‌లో ఒక్కోసారి వస్తోంది. ఎవరి దగ్గరైనా 24 ఉంటే వారం రోజులు ఇవ్వండి, వేసి చూసి చెబుతా.

ములుగు రోడ్ షెడ్డు

నా దగ్గర ఉంది. ఆదివారం రా. మే వచ్చాక 112 మళ్లీ వేయడం మరిచిపోకు.