కోపం వచ్చిన ఎలుగుబంటి ఆరు పేజీల్లోనూ ఒకేలా వస్తోంది, పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేసేవాళ్ళు సాయం చేయండి

పెన్సిల్‌ముక్క:
నమస్కారం. డిజైన్ పనిలో నాలుగేళ్ళుగా ఉన్నాను కానీ, పిల్లల పుస్తకానికి బొమ్మలు వేయడం ఇదే మొదటిసారి. 32 పేజీలు. ఎలుగుబంటి పిల్లకి కోపం వస్తుంది, ఇల్లొదిలి వెళ్ళిపోతానంటుంది, గుమ్మం దాకా వెళ్ళి తిరిగొస్తుంది. అంతే కథ. కోపంగా ఉండే పేజీలు ఆరు. ఆరింట్లోనూ కనుబొమలు కిందికి, నోరు వంకర. ఎడిటర్ గారు చూసి "ఒకే స్టిక్కర్ ఆరు చోట్ల అతికించినట్టుంది" అన్నారు. నిజమే. రెండు వారాలుగా నెట్‌లో మంచి మంచి బొమ్మలు సేవ్ చేసుకుంటున్నాను. చూసేకొద్దీ నా చెయ్యి బిగుసుకుపోతోంది. మీకు ఐడియాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? పని ఎలా మొదలుపెడతారు?

చుక్కలగీత:
ముందు ఆ సేవ్ చేసినవన్నీ మూసేయండి. నేనూ ఒకసారి అలాగే చూస్తూ కూర్చుని, చివరికి ఎవరి కుందేలో నా పేజీలో వేసేశాను. ఎడిటర్ పట్టుకునేదాకా నాకే తెలియలేదు.

పాతచొక్కా:
పదకొండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. టేబుల్ దగ్గర కూర్చుని ఆలోచిస్తే ఇప్పటిదాకా ఒక్క ఐడియా రాలేదు. జేబులో అరచేతంత నోట్‌బుక్ ఉంటుంది, అందులోంచే టేబుల్ మీదకి వస్తాయి. అందులో బొమ్మలకంటే మాటలే ఎక్కువ. ఈ నెలవి కొన్ని: "చొక్కా విప్పుతుంటే తల ఇరుక్కుంది, ఒక చెయ్యి పైకి, ఏడుపు బట్టలోంచి." "లిఫ్ట్‌లో అందరూ అంకెలు చూస్తున్నారు, పాప మాత్రం అందరి బూట్లూ చూస్తోంది." ఫొటోలు తియ్యను. తీశానంటే ఇక చూడటం మానేస్తాను, ఫోన్ చూసుకుంటుందిలే అని. పైగా పరాయివాళ్ళ పిల్లల్ని ఫొటో తీయడం ఏం బాగుంటుంది?

ఇక మీ కోపం సంగతి. మా అక్క కూతురికి ఐదేళ్ళు. కోపం వస్తే గోడవైపు తిరిగి కూర్చుంటుంది. ముఖం కనపడనే కనపడదు. భుజాలు చెవుల దాకా లేస్తాయి, మెడ మాయమైపోతుంది. రెండు నిమిషాలయ్యాక తల రవ్వంత పక్కకి తిప్పుతుంది, మనం చూస్తున్నామా లేదా అని. చూస్తున్నామని తెలిసిందా, గబుక్కున మళ్ళీ గోడవైపే. ఆ రవ్వంత తిరగడం పట్టుకోడానికి నాకు పదిహేడు కాగితాలు అయ్యాయి. చివరికి మిగిలింది బుగ్గ అంచు, కనురెప్ప కొస. కనుబొమే లేదు. మీ ఎలుగుతో ఇంకా సుఖం, చెవులున్నాయి కదా. వీపు మనవైపు పెట్టి, ఒక్క చెవి వెనక్కి తిప్పి చూడండి.

మొదలు అంటారా, నేను అగ్గిపెట్టంత గళ్ళు గీసుకుని మొత్తం పుస్తకం అందులో వేస్తాను. ఆ సైజులో కనుబొమలు వేద్దామన్నా పట్టవు, ఒళ్ళు ఎలా వంగిందన్నదే కనిపిస్తుంది. ఆరు కోపాలూ ఒకటేనా కాదా అన్నది అక్కడే తేలిపోతుంది. తర్వాత కాగితాలు మడిచి, పిన్ను కొట్టి డమ్మీ చేసి, పైకి చదువుతూ పేజీలు తిప్పుతాను. టైటిల్, కాపీరైట్ లాంటివి పోను మీ చేతికొచ్చేది ఓ 12 నుంచి 14 స్ప్రెడ్లు (పుస్తకం తెరిస్తే ఎదురెదురుగా కనిపించే రెండేసి పేజీలు). గుమ్మం దాకా వెళ్ళడం కుడిపేజీలో ఆగాలి. తిరిగి రావడం పేజీ తిప్పాకే కనపడాలి. రెండూ ఒకే స్ప్రెడ్‌లో పడ్డాయా, ఆ టెన్షన్ కాస్తా పోయినట్టే.

ఇంకోటి, ముఖాలు మధ్య మడతలో పెట్టకండి. నా రెండో పుస్తకంలో ఏనుగు ముఖం సరిగ్గా గట్టర్‌లో వేశాను. స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంది. బైండింగ్ అయి వచ్చాక చూస్తే ఒక కన్ను లోపలికి పోయింది. ఎవర్నీ అనడానికి లేదు, ఆ ఫైలు పంపింది నేనే.

ఆకుపచ్చ:
పాతచొక్కా గారు అన్నదానికి ఒక్క మాట కలుపుతాను. పిల్లల పుస్తకాల చిత్రకారుడు ఎరిక్ కార్ల్ 1969లో వేసిన గొంగళిపురుగు పుస్తకం (ద వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్) ఉంది కదా, దాని ఐడియా కాగితాలకి చిల్లులు వేసే పంచ్ నుంచి వచ్చింది. చిల్లులు చూసి పుస్తకాలు తినే పురుగు గుర్తొచ్చిందట. పురుగు బాలేదని, గొంగళిపురుగు అయితే ఎలా ఉంటుందని అడిగింది ఆయన ఎడిటర్. అందుకని స్టిక్కర్ అన్నారని బాధపడకండి, వాళ్ళ మాట ఒక్కోసారి పుస్తకాన్నే మార్చేస్తుంది. అన్నట్టు కథలో అడవి ఉంటే, స్క్రీన్ మీద మెరిసే ఆకుపచ్చని నమ్మకండి. సీఎంవైకేలోకి, అంటే ప్రింటింగ్ సిరా రంగుల్లోకి మారగానే చప్పబడిపోతుంది. ముందే ప్రూఫ్ (నమూనా ప్రింట్) చూసుకోండి. నా పేరు ఊరికే రాలేదు.

పెన్సిల్‌ముక్క:
అందరికీ థాంక్స్. ఆదివారం మా అన్నయ్య కొడుకు అలిగి తలుపు వెనక దాక్కున్నాడు. కదలడు, పలకడు. కానీ వేళ్ళు మాత్రం తలుపు అంచు పట్టుకుని బయటే ఉన్నాయి, ఎవరైనా చూసి పిలుస్తారని కాబోలు. నా మూడో కోపం అదే. ముఖం లేదు, తలుపూ పంజా మాత్రమే. ఎడిటర్ గారికి నిన్న పంపాను, "మిగతా ఐదూ చూపించండి" అని మెసేజ్ పెట్టారు.

పాతచొక్కా:
బాగుంది! వేళ్ళు ఎన్ని కనిపించాయి?

పెన్సిల్‌ముక్క:
నాలుగు. బొటనవేలు తలుపు అవతల ఉంది.