ఇంటి మాటను టీచరు సరిదిద్దాలా, వద్దా?

గాజువాక తండ్రి:
మా అబ్బాయి రెండో తరగతి. మాది శ్రీకాకుళం వైపు పల్లె. ఇంట్లో అక్కను ‘అప్ప’ అంటాం, వదిలేయడాన్ని ‘ఒగ్గేయడం’ అంటాం, మా అమ్మ నోట ‘నేను’ ఎప్పుడూ ‘నాను’ అనే వస్తుంది. వాడికీ అదే అలవాటైంది. బడిలోనైనా సరిచేస్తారని ఆశపడ్డాను. మొన్న అడిగితే టీచరుగారు, ‘ముందు నోరు విప్పనివ్వండి, తర్వాత చూద్దాం’ అన్నారు. నాకు నచ్చలేదు. ఇంజనీరింగ్ హాస్టల్లో మొదటి వారం నేను ‘నాను’ అన్నాను. ఆ తర్వాత నాలుగేళ్లూ నా పేరు ‘నానుగాడు’. ఆ గతి నా కొడుక్కి పట్టకూడదు. పిల్లల్ని ప్రేమగా చూడటమంటే తప్పును తప్పు అనకపోవడమా?

తీరం బడి టీచరు:
తండ్రిగారూ, నేను పదకొండేళ్లుగా జాలరి పిల్లలకు ఒకటి, రెండు తరగతులు చెబుతున్నాను. కొత్తలో నేనూ మీలాగే అనుకున్నాను. ఒక పాప ‘నాను పలక తేలేదు’ అంది. ‘నేను అనాలమ్మా’ అన్నాను. తిట్టలేదు, నవ్వుతూనే అన్నాను. మూడుసార్లు అలా జరిగింది. నాలుగోసారి ఆ పిల్ల మాట్లాడలేదు, ఖాళీ చేతులు చూపించింది. దసరా సెలవుల దాకా అంతే, బయటికి వెళ్లాలన్నా చిటికెన వేలు ఎత్తడమే.

తర్వాత ఒకరోజు చేప బొమ్మ చూపించి ఇదేమిటని అడిగాను. అందరూ ‘చేప’ అన్నారు. ఈ పిల్ల మాత్రం గొణిగింది: ‘కోనాం’. పక్క పిల్లవాడు కాదన్నాడు. తోక చూడమని ఆమె పోట్లాటకు దిగింది. నేను సుద్దముక్క తీసుకుని వాళ్లు చెప్పిన పేర్లన్నీ బోర్డు మీద రాశాను. చందువ దగ్గర సున్న వచ్చింది, పండుగప్ప దగ్గర పకార ఒత్తు, నెత్తళ్లు అనే ఒక్క మాటలో రెండు ఒత్తులు. వారం రోజులుగా నేను తంటాలు పడుతున్న ఒత్తులు ఆ పూట కుదిరాయి. ఆ పిల్ల నోరు మళ్లీ మూతపడలేదు. ఇప్పుడు నేనే మూయించవలసి వస్తోంది, అది వేరే సంగతి.

ఇంకొకటి. సముద్రంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో ముగుస్తుంది. బడి తెరిచేదీ ఆ రోజుల్లోనే. రెండు నెలల తర్వాత పడవలు కదిలే వారం పిల్లలు హార్బరు దగ్గర ఉంటారా, నా దగ్గర ఉంటారా? హాజరు పట్టీలో సున్నాలు పెట్టి కేకలేయడం తేలిక. ఆ వారం ఎందుకు రాలేదో తెలిసిన టీచరు మర్నాడు ‘ఎన్ని గంపలు వచ్చాయి?’ అని అడుగుతుంది. లెక్కల పాఠం అక్కడ మొదలవుతుంది.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, కంచరపాలెం:
అమ్మా, మీ చేపల పాఠం బాగుంది. కానీ నా భయం చెబుతాను. ఇలాంటి మెచ్చుకోళ్లు విన్న పిల్లలను నేను ఐదో తరగతిలో చూశాను. చేపల పేర్లు ఇరవై చెబుతారు, 84ను 7తో భాగించమంటే దిక్కులు చూస్తారు. ‘పాపం, వాళ్ల నేపథ్యం అది’ అని జాలిపడి తక్కువ చెప్పడం కూడా చిన్నచూపే. బెత్తం కన్నా అది మెత్తగా తగులుతుంది, అంతే తేడా. (బెత్తం నేనూ పట్టాను. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను రాకముందే మానేశానని గొప్పగా చెప్పుకోలేను.)

ఇక ఇలాంటి చర్చల్లో గిడుగు రామమూర్తిగారిని మధ్యలోకి లాగుతారు కనుక ముందే చెబుతున్నాను: ఆయన పుస్తకాల్లోకి రావాలని పోరాడింది శిష్టవ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్లు మాట్లాడే వాడుక భాష కోసం, ఎవరి పల్లె మాట వాళ్లు రాసుకోవాలని కాదు. ఈ తండ్రి అడుగుతున్నదీ ఆ శిష్టవ్యావహారికమే.

పాడేరు వైపు టీచరు:
మాస్టారూ, గిడుగువారిది సగమే చెప్పారు. ఆయన పర్లాకిమిడిలో ఉండగా సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. పంతులు ముందు పిల్లల మాట నేర్చుకున్నాడన్నమాట.

మీరంతా ‘నేను’, ‘నాను’ దగ్గర ఆగిపోయారు. నా ఒకటో తరగతిలో సగం మందికి తెలుగే కొత్త. కొందరిది కువి అనే ఆదివాసీ భాష, కొందరిది ఆదివాసీ ఒడియా. విద్యాహక్కు చట్టం 29వ సెక్షను వీలైనంతవరకు మాతృభాషలో చెప్పమంటుంది, పిల్లలను భయం లేకుండా ఉంచమనీ అంటుంది. నాకు ఆ భాషలు రావు. మధ్యాహ్న భోజనం వండే అమ్మ దగ్గర ‘ఆకలి’, ‘నొప్పి’, ‘భయం’, ‘ఇంటికి’ అన్న నాలుగు మాటలు ముందు నేర్చుకున్నాను. నేను పలికితే పిల్లలు పడీపడీ నవ్వారు. సరిదిద్దారు కూడా! ఆ నవ్వు పడ్డాకనే వాళ్లు తప్పు తెలుగు మాట్లాడటానికి జంకడం మానేశారు.

సంస్కృతి అంటే ఆగస్టు 9న, ఆదివాసీ దినోత్సవం నాడు, పిల్లల చేత ధింసా ఆడించి, ఫోటోలు తీసి, మర్నాడు ‘బడిలో ఆ భాష మాట్లాడొద్దు’ అనడం కాదు. మా దగ్గర ఎక్కువ జరిగేది అదే.

మధురవాడ అమ్మ:
మా పాప బడిలో తెలుగు మాట్లాడితేనే పది రూపాయల జరిమానా. మీరు ఏ తెలుగు అని కొట్లాడుకుంటున్నారు. అదృష్టవంతులు.

గాజువాక తండ్రి:
మేడం, మీ మాటకు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.

తీరం బడి టీచరుగారూ, మీ పాప సంగతి రెండుసార్లు చదివాను. కానీ నా ప్రశ్నకు జవాబు రాలేదు. నోరు విప్పనివ్వండి అంటారు, సరే. ఎప్పటిదాకా? ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు చెప్పాలి కదా. మీరు ప్రేమతో చెప్పకపోతే హాస్టల్లో వాళ్లు ఎగతాళితో చెబుతారు. నాకు చెప్పింది వాళ్లే.

తీరం బడి టీచరు:
న్యాయమైన మాట. ‘తర్వాత చూద్దాం’ అని వదిలేసి తర్వాత చూడని టీచర్లు ఉన్నారు, ఒప్పుకుంటాను. నేను చేసేది చెబుతాను. రెండో తరగతి సగం నుంచి బోర్డు మధ్యలో గీత గీసి, ఒక పక్క ఇంటి మాట, రెండో పక్క పుస్తకం మాట రాయిస్తాను. అప్ప, అక్క. ఒగ్గేయి, వదిలేయి. ఏదీ కొట్టివేయను. మాట్లాడేటప్పుడు ఆపను. నోటు పుస్తకంలో రాసేటప్పుడు మాత్రం ‘ఇది ఏ పక్కది?’ అని అడుగుతాను. మాస్టారూ, భాగహారం కూడా చెబుతాను, గంపలతో మొదలుపెట్టినా అంకెలతోనే ముగిస్తాను. నా పిల్లల్లో 84ను 7తో భాగించలేని వాళ్లు ఇప్పటికీ ఇద్దరు ముగ్గురు మిగులుతారు. తప్పు నాదే, చేపలది కాదు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, కంచరపాలెం:
గీత బాగుంది. మా కాలంలో ఒక్క పక్కే ఉండేది.

గాజువాక తండ్రి:
శనివారం తల్లిదండ్రుల సమావేశం ఉంది. మా టీచరుగారిని ఈ గీత సంగతి అడుగుతాను. మా వాడితో నిన్న రాత్రి ఇంట్లోనే ఆడి చూశాను. ఇంటి మాటల పక్క ఇరవై ఆరు రాశాడు. అందులో తొమ్మిది నావేనట. మూడో తరగతి ముగిసేసరికి రెండో పక్క కూడా అంత నిండకపోతే మళ్లీ ఇక్కడికే వస్తాను, చెబుతున్నాను.