హెల్మెట్ లాంటి పాత బ్యాండుని చిన్న క్లబ్బులో చూడటం: ముందు నిలబడాలా వెనకా?

ఇర్వింగ్_బాబు:
అందరికీ నమస్తే. డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటా, వయసు 39. ఇంజనీరింగ్‌లో రూమ్మేట్ ఒకడు ఎంపీత్రీ సీడీ రాసిచ్చాడు, అందులో హెల్మెట్ అనే అమెరికన్ హెవీ రాక్ బ్యాండ్ వాళ్ళ 'మీన్‌టైమ్' ఉంది, 1992 ఆల్బమ్, అప్పట్నించి పిచ్చి. ఈసారి టూర్‌లో డల్లాస్ డీప్ ఎల్లమ్ ఏరియాలో ఒక చిన్న క్లబ్బుకి వస్తున్నారని చూసి ఇంకేం ఆలోచించకుండా టికెట్ కొనేశా. తోడు ఎవరూ లేరు, మా ఆవిడైతే "ఆ రంపం కోత మీరే వినుకోండి" అనేసింది. నేను చూసిన పెద్ద షో ఒక్కటే, 2011లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా, హైదరాబాద్ నించి రాత్రి బస్సెక్కి వెళ్తే వాళ్ళు అగ్గిపుల్లల్లా కనబడ్డారు, చూసిందంతా స్క్రీనే. ఇక్కడ ఎక్కడ నిలబడాలి? తోపులాట ఉంటుందా, నాకసలే నడుం నొప్పి. ఇంకో డౌటు, పాడుతూ గిటార్ వాయించే పేజ్ హామిల్టన్ తప్ప మొదట్లో వాళ్ళెవరూ లేరు, ఆయనా అరవై దాటాడు. ఆ ఊపు ఇంకా ఉంటుందా?

గోదారోడు_ఆస్టిన్:
బ్రో మొదటిసారి చిన్న క్లబ్బు అంటే అందరూ స్టేజీ ముందుకే పరిగెడతారు, నేనూ అదే చేశా, తీరా చూస్తే పాట ఒక్క ముక్క వినబడలేదు. ఎందుకంటే గొంతు వచ్చేది పక్కన, పైన హాలంతటికీ పెట్టే పీఏ స్పీకర్లలోంచి, నీ మొహానికి ఎదురుగా ఉండేది గిటార్ ఆంప్, అంటే గిటారు స్పీకర్ పెట్టె. ముందు వరసలో నీకు దక్కేది గిటారు, డ్రమ్సే. వెనక సౌండ్ ఇంజనీర్ మిక్సర్ పెట్టుకుని కూర్చుంటాడు చూడు, అతని ముందు ఒక రెండు గజాల దూరంలో నిలబడు, అతను ఏం వింటున్నాడో నువ్వూ అదే వింటావు. తోపులాట ఎప్పుడైనా మధ్యలోనే, పక్క గోడ దగ్గర నీ నడుముకేం ఢోకా లేదు.

ఎల్బీనగర్_లౌడ్:
పైన అన్న చెప్పింది కరెక్టే గానీ హెల్మెట్‌కి మాత్రం నేను ముందుకే పో అంటా. ఎందుకంటే వాళ్ళ పాటల్ల అసలు మజా వాయించే కాడ లేదు, ఆపే కాడ ఉంది. లావు తీగని ఇ నుంచి డి కి దించుతరు కదా, డ్రాప్ డి, అప్పుడు ఒక్క వేలు అడ్డం పెడితే పవర్ కార్డ్, అంటే ఆ బరువైన గిటారు మోత, వస్తది, అందుకే అంత టకటకా పట్టి వదులుతరు. పేజ్ హామిల్టన్ మాన్‌హాటన్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌ల జాజ్ గిటార్ చదివిండు మరి, లెక్క తప్పడు. పెద్ద గ్రౌండ్ల ఆ గ్యాప్ అంతా ఎకోతోనే నిండిపోతది. చిన్న రూముల మాత్రం నలుగురు ఒక్కసారి ఆపంగనే దబ్బున చీకటైనట్టు ఉంటది, నేను పోయినప్పుడు ఆ అర సెకను సందుల వెనక బార్ కాడ ఐసు గ్లాసుల పడ్డ చప్పుడు వినొచ్చింది, నవ్వాగలే.

ఇయర్ ప్లగ్స్ మాత్రం మర్చిపోకు. 85 డెసిబెల్స్ అయితే ఎనిమిది గంటలు ఓకే అంటరు, మూడు పెరిగినప్పుడల్లా టైము సగం, అంటే 100 కాడ పావుగంటే! పసుపు ఫోమ్‌వి వద్దు, దుప్పటి కప్పుకుని విన్నట్టు ఉంటది. మ్యూజిషియన్స్ ప్లగ్స్ అని దొరుకుతయ్, ఇరవై ముప్పై డాలర్లు. నేను మెల్విన్స్ అని ఇంకో పాత హెవీ బ్యాండ్ షోకి ఉత్త చెవులతోని పోయిన, ఇద్దరు డ్రమ్మర్లతోని వచ్చిన్రు, మూడు దినాలు చెవుల్ల కీచురాయి.

పాతచింతకాయ:
నేను కాస్త అడ్డం మాట్లాడతా ఏమనుకోకండి. ఒరిజినల్ మెంబర్ ఒక్కడే ఉంటే అది అదే బ్యాండ్ అవుతుందా? 98లో విడిపోయారు, 2004లో పేరు మళ్ళీ తీశారు. పాత సీడీ పెట్టుకుంటే పోయేదానికి.

ఎల్బీనగర్_లౌడ్:
@పాతచింతకాయ ఆ పాటలు రాసింది ఎవరన్నా? ఆయనే కదా. 2023ల కొత్త ఆల్బమ్ గూడ తీసిన్రు. మెల్విన్స్ సంగతి చూడు, 83ల మొదలుపెట్టిన్రు, వాళ్ళ సింగర్ బజ్ ఆస్బోర్న్ జుట్టు తెల్లగైంది గానీ మనిషి ఆగలే, 2012ల 51 రోజుల్ల యాభై రాష్ట్రాలు ప్లస్ వాషింగ్టన్ డీసీ చుట్టొచ్చిన్రు. ఈ రెండు బ్యాండ్లకూ స్టేడియం ఎన్నడూ లేదు, చిన్న క్లబ్బే వీళ్ళ ఇల్లు. దిగజారి వచ్చింది కాదు.

గోదారోడు_ఆస్టిన్:
అన్నట్టు @ఇర్వింగ్_బాబు నీ క్లబ్బు ట్రీస్ అనేదైతే గనక, 1991 అక్టోబర్‌లో నిర్వాణా బ్యాండ్ అక్కడే ఆడింది, వాళ్ళ సింగర్ కర్ట్ కోబెయిన్ బౌన్సర్ తల మీద గిటారుతో కొట్టింది అక్కడే. లోపలికి పోయాక ఎంత చిన్నదో చూసి ఆశ్చర్యపోతావు. పార్కింగ్ జోలికి పోకు, ఆరెంజ్ లైన్ ట్రైన్ ఎక్కి డౌన్‌టౌన్‌లో గ్రీన్ లైన్‌కి మారితే డీప్ ఎల్లమ్ స్టేషన్‌లోనే దిగుతావు.

ఇర్వింగ్_బాబు:
థ్యాంక్స్ అన్నా అందరికీ. ప్లగ్స్ ఆర్డర్ పెట్టేశా. సగం షో ముందు, నడుం పట్టేస్తే గోడ దగ్గరికి. మా ఆవిడ ఇందాకే అడిగింది, ఆ ప్లగ్స్ ఇంట్లో నేను ఆ పాటలు పెట్టినప్పుడు తనకి పనికొస్తాయా అని, ఇంకో జత కూడా కార్ట్‌లో వేశా.