కాంస్య విగ్రహం మీద పచ్చ మరకలు, ఎంత తోమినా మళ్లీ వస్తున్నాయి (అర్జంటు)

పదో తరగతి బ్యాచి:
నిన్న మధ్యాహ్నం రెండింటి నుంచి ఇదే పని, నడుం పడిపోయింది. మా స్కూల్లో పాత హెడ్మాస్టరు గారి కాంస్య విగ్రహం, ఛాతీ వరకూ ఉండేది, పెట్టి ఆరేళ్లయింది. ముఖం మీద, భుజాల మీద పచ్చటి చారలు పడ్డాయి. ఆదివారం వర్ధంతి, పెద్దవాళ్లు వస్తున్నారు. చింతపండు, నిమ్మకాయ, ఉప్పు, ఇత్తడి సామాన్లు తోమే పొడి, అన్నీ అయ్యాయి. రాత్రి తొమ్మిదికి తళతళలాడింది. పొద్దున్నే వెళ్లి చూస్తే మళ్లీ పచ్చ! ఈసారి లేత రంగు, పిండి చల్లినట్టు, ముట్టుకుంటే వేలికి అంటుతోంది. కుడి చెంప మీద ఎర్రటి తుప్పు చార ఒకటి, అది ఇంచు కూడా కదలట్లేదు. ఏం రాస్తే పోతుందో ఒక్క ముక్కలో చెప్పండి. లెక్చర్లు వద్దు దయచేసి.

మైనపు ముద్ద:
తోమడం ఆపండి.

పదో తరగతి బ్యాచి:
ఆపితే ఆదివారం ఎలా సార్?

పదాల పిచ్చి:
ముందు అది కాంస్యమో కాదో తేల్చుకోండి. కాంస్యం, కంచు ఒకటే మాట, ఒకటి సంస్కృతం, రెండోది దాని తెలుగు రూపం. కానీ మన ఇళ్లలో కంచు అంటే గంటలు, గిన్నెలు పోసే లోహం. అందులో తగరం 20 నుంచి 22 శాతం. కొడితే మోగుతుంది, కింద పడితే పగులుతుంది. విగ్రహాలు దాంతో పొయ్యరు. ఈరోజుల్లో ఫౌండ్రీల్లో ఎక్కువగా వాడేది రాగి 85, మిగతా మూడూ, అంటే తగరం, జింకు, సీసం, తలా 5. దాన్ని గన్‌మెటల్ అంటారు. తమిళనాడులోని స్వామిమలైలో విగ్రహాలు పోసే స్థపతులు పంచలోహం అనేదాంట్లో మామూలుగా రాగి 82, ఇత్తడి 15, సీసం 3. వెండి, బంగారం పేరుకి చిటికెడు. తగరమే లేనిదాన్ని కాంస్యం అని బోర్డు రాయిస్తే ఎలా?

పదో తరగతి బ్యాచి:
అయ్యా, బిల్లు మీద కాంస్యం అని ఉంది. పచ్చ ఎలా పోతుంది?

పోతపని:
ఒక్క ముక్కలో చెప్పడం కుదరదండీ, మీరు చెప్పనివి చాలా ఉన్నాయి. ఊరు ఎక్కడ, సముద్రం దగ్గరా? తోమకముందు విగ్రహం ఏ రంగులో ఉండేది? మీరు రాసిన జాబితాలో ఇంకేమైనా మిగిలిపోయిందా? దిమ్మె మీద విగ్రహం అడుగు అంచున నీళ్లు పోయే కన్నం ఉందా? వర్ధంతికి ఏటా ఏం చేస్తారు?

పదో తరగతి బ్యాచి:
భీమిలి. బీచి రోడ్డుకి రెండు వీధుల ఇవతల. మొదట్లో ముదురు కాఫీ రంగు, మాసిపోయిందనుకుని అదే ముందు తీసేశాం. కింద బంగారం రంగు వచ్చింది, బాగానే ఉంది. కన్నం లేదు, సిమెంటు పెట్టి చుట్టూ మూసేశారు. ఏటా పాలాభిషేకం, దండలు. మిగిలింది అంటే, చింతపండుకి లొంగకపోతే బాత్రూం ఆసిడ్ ఒక అరగ్లాసు బకెట్టు నీళ్లలో కలిపి రాశాం. చెప్పలేదా?

మైనపు ముద్ద:
చెప్పలేదు.

పోతపని:
సరే, ఇప్పుడు తెలిసింది. బాత్రూం ఆసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది రాగితో కలిసి క్లోరైడు లవణం అవుతుంది, లోహంలోని సన్న రంధ్రాల్లో కూర్చుంటుంది. రాత్రి గాలిలో తేమ తగలగానే అది లేత పచ్చ పొడిగా మారుతుంది. మారేటప్పుడు మళ్లీ కాస్త ఆమ్లం పుట్టి కింది రాగిని తింటుంది. మీరు ఎంత తోమితే అంత కొత్త లోహం దానికి దొరుకుతుంది. చింతపండులో వేసిన ఉప్పూ, పాలూ, సముద్రపు గాలీ అదే జాతి. పాత చిలుము గట్టిగా, నున్నగా ఉంటుంది, గోరుతో గీస్తే రాదు, దాంతో ప్రమాదం లేదు. పొడిలా రాలిపోయే చిలుమే లోహాన్ని తినేసేది.

మీరు మాసిందనుకుని తీసేసిన కాఫీ రంగు మురికి కాదు, పాటినా. పోత అయ్యాక విగ్రహాన్ని మంటతో వేడి చేసి, నీటి చుక్క పడగానే చుయ్యిమనే వేడిలో, ఫెర్రిక్ నైట్రేటు లాంటి రసాయనం కుంచెతో అద్ది తెప్పిస్తారు. పైన మైనం. ఆ రెండూ పోయాయి కాబట్టి ఇప్పుడు లోహం ఒట్టి వంటితో ఉంది.

ఈరోజు చెయ్యాల్సింది: మామూలు నీళ్లతో ధారాళంగా కడగండి, చెవుల వెనక, కాలరు మడతల్లో మెత్తటి బ్రష్షుతో. స్టీలు పీచు వద్దు. తర్వాత లీటరు నీటికి 19 గ్రాముల వంటసోడా, 23 గ్రాముల చాకలి సోడా పొడి. పొడి బదులు పలుకుల చాకలి సోడా దొరికితే అది 63 గ్రాములు, పలుకుల్లో నీరు ఎక్కువ కాబట్టి. ఈ నీళ్లలో తడిపిన దూది లేదా తెల్ల కాగితపు గుజ్జు విగ్రహమంతా పరిచి, పైన పాలిథీన్ చుట్టి ఉంచండి. రోజుకోసారి మార్చాలి. ఆఖరి కడుగుడు కుళాయి నీళ్లతో వద్దు, అందులో క్లోరిన్ ఉంటుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ అయిదు లీటర్ల డబ్బా కొనండి.

పదో తరగతి బ్యాచి:
ఎన్ని రోజులు మార్చాలి?

పోతపని:
కడిగిన నీళ్లు కొంచెం గాజు గ్లాసులో తీసి, సోడా చావడానికి బుడగలు ఆగేదాకా చుక్క చుక్కగా నైట్రిక్ ఆమ్లం, ఆపైన ఒక చుక్క సిల్వర్ నైట్రేటు వెయ్యండి. మీ సైన్సు ల్యాబులో రెండూ ఉంటాయి. తెల్లగా మబ్బు కమ్మితే క్లోరైడు ఇంకా వస్తోందని. మబ్బు రాని రోజు ఆపెయ్యండి. రెండు మూడు వారాలు పట్టినా ఆశ్చర్యం లేదు. చేతికి తొడుగులు, సిల్వర్ నైట్రేటు పడితే వేళ్లు నల్లబడతాయి.

పదో తరగతి బ్యాచి:
ఆదివారం సార్. ఇవాళ గురువారం.

పోతపని:
అయితే శనివారం పొద్దున దాకా గుజ్జు, తర్వాత కడిగి ఎండలో ఆరబెట్టండి. పదకొండింటికి లోహం చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, అప్పుడు గోధుమ రంగు పొడి కలిపిన మైనం పల్చగా రాసి గుడ్డతో రుద్దితే చూడ్డానికి పనికొస్తుంది.

మైనపు ముద్ద:
క్లోరైడు లోపల ఉంచి పైన మైనమా? చిలుముకి దుప్పటి కప్పినట్టే.

పోతపని:
రెండు రోజుల దుప్పటే. సోమవారం టర్పెంటైనుతో మైనం తీసేసి మళ్లీ గుజ్జు వెయ్యాలి. అది చెయ్యకపోతే మీరన్నదే నిజం.

మైనపు ముద్ద:
సోమవారం ఎవరూ రారు. మైనం వద్దు, దండలు ఎక్కువ వెయ్యండి.

లోపల ఇనుము:
పచ్చ సంగతి సరే, ఆ తుప్పు చార ఎవరూ పట్టించుకోలేదు. అసలు రోగం అదే. ఇలాంటి విగ్రహం బోలుగా పోస్తారు, గోడ మందం 5, 6 మిల్లీమీటర్లు. ముందు మట్టి గుండె మీద మైనంతో బొమ్మ చేసి, పైన మళ్లీ మట్టి కప్పి, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోస్తారు. మైనం కరిగి పోయాక లోపలి మట్టి గుండె జారిపోకుండా ఇనుప మేకులు గుచ్చి పట్టిస్తారు. పోత అయ్యాక ఆ మేకులు పీకి, కన్నాల్ని అదే లోహంతో పూడ్చాలి. బద్ధకించి పైన కోసేసి రంగు కొట్టేస్తే నాలుగైదు వానాకాలాలకి అక్కడ తుప్పు కారుతుంది. మీ చెంప మీదది అదే అయ్యుంటుంది. అయస్కాంతం పెట్టి చూడండి, ఒక్క చుక్క దగ్గర అతుక్కుంటుంది. దాన్ని డ్రిల్లుతో తొలిచి కంచు బిరడా దిగ్గొట్టాలి. ఏది రాసినా పోదు.

లోపలి మట్టి కూడా తీశారో లేదో. తియ్యకపోతే అది తేమ పీల్చి ఉప్పుని లోపల్నుంచి తోస్తుంది. కన్నం లేదు, చుట్టూ సిమెంటుతో మూసేశారన్నారుగా, అంటే విగ్రహం లోపల నీళ్ల కుండ. అడుగున పల్లంగా ఉన్నచోట 8 మిల్లీమీటర్ల కన్నం వెయ్యండి. దిమ్మెలోకి బోల్టులు మామూలు ఇనుమైతే అవీ మార్పించండి, సముద్రపు ఉప్పుకి తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వాడాలి. న్యూయార్కులో స్వేచ్ఛా ప్రతిమకి జరిగింది ఇదే. పైన రాగి రేకు, లోపల ఇనుప బద్దలు, మధ్యలో తేమ. ఇనుము తుప్పు పట్టి ఉబ్బి రేకుని తోసేసింది. 1986కి ఆ బద్దలన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువి వేసి, మధ్యలో టెఫ్లాన్ పొర పెట్టారు.

పదో తరగతి బ్యాచి:
అయస్కాంతం అతుక్కుంది. చెంప మీదా, ఎడం భుజం వెనకా.

లోపల ఇనుము:
వెనక ఇంకా రెండు మూడు ఉంటాయి, వెతకండి. ఎవరైనా కొత్తగా చేయించుకునేవాళ్లు ఒప్పందంలోనే రాయించుకోండి: మిశ్రమం ఏ శాతాల్లో, గోడ మందం ఎంత, మట్టి పూర్తిగా తీసెయ్యాలి, మేకులు పీకి అదే లోహంతో పూడ్చాలి, నీరు పోయే కన్నం ఉండాలి. మైనం నమూనా దశలోనే వెళ్లి పోలికలు చూసుకోవాలి. పోత పోశాక ముక్కు మార్చమంటే ఎవడూ మార్చలేడు. తూకం కూడా లెక్క కట్టొచ్చు. కంచు మైనం కన్నా దాదాపు తొమ్మిది రెట్లు బరువు, కాబట్టి 4 కిలోల మైనం బొమ్మకి 36 కిలోల దాకా లోహం పడుతుంది, లోహం పోసే గొట్టాల్లో మిగిలేది వేరు.

పదాల పిచ్చి:
'పోత' మాట వచ్చింది కాబట్టి ఒకటి. స్వేచ్ఛా ప్రతిమ పోత కాదు, రేకుని సుత్తితో సాగగొట్టినది. మనవాళ్లు రెండింటినీ కంచు విగ్రహమే అంటారు. తిరుమల గుళ్లో కృష్ణదేవరాయలు, ఇద్దరు దేవేరుల ప్రతిమలు రాగివి, వాటినీ కంచు అని రాసేస్తున్నారు.

మైనపు ముద్ద:
రాయలవారికి చిలుము పట్టలేదు. ఇక్కడ పట్టింది.

పోతపని:
గ్లాసులో తెల్ల మబ్బు రావడం ఆగాక చివరి మెట్టు మర్చిపోకండి. బెంజోట్రైయజోల్ 3 శాతం, ఆల్కహాల్లో కలిపి, తొడుగులు వేసుకుని కుంచెతో మూడు పూతలు. అది రాగికి పొరలా పట్టుకుని తేమని ఆపుతుంది. ఆరాక మైనం. సముద్రం పక్కన కాబట్టి మైనం ఏటా రెండుసార్లు, వానలకి ముందొకటి, తర్వాతొకటి. మధ్యలో నెలకోసారి మంచినీళ్లతో ఉప్పు కడిగేస్తే చాలు. పాలాభిషేకం మానెయ్యండి, లేదా దిమ్మెకి చెయ్యండి.

పదో తరగతి బ్యాచి:
పాలు మానెయ్యమంటే కమిటీ వాళ్లు ఒప్పుకోరు. చూద్దాం. డిస్టిల్డ్ వాటర్ రెండు డబ్బాలు తెచ్చాను, దూది చుట్టించాను. థాంక్స్ అందరికీ.

లోపల ఇనుము:
కన్నం వేశారా? వేసినప్పుడు ఎంత నీరు కారిందో చెప్పండి.

పదాల పిచ్చి:
శిలాఫలకం మీద 'కాంస్య' అనే ఉందా, 'కంచు' అనా? ఫొటో పెడతారా?