పుచ్చపువ్వులాంటి వెన్నెల: ఇంతకీ ఏ రంగు?

మిత్రులకు నమస్కారం. వెన్నెల పుచ్చపువ్వులా కాసిందనే మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఒకటి రెండు చోట్ల నేనూ వాడేశాను. ఈసారి పెరట్లో గింజ పెట్టి పుచ్చతీగ పెంచాక మాత్రం అనుమానం పట్టుకుంది. పువ్వు చూస్తే పసుపు. పైగా పొద్దు పొడిచాక విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటుంది, మర్నాడు మళ్లీ విచ్చదు. చంద్రుడి మొహమే ఎరగని పువ్వును వెన్నెలకు ఎలా అంటగట్టారు? రాత్రిపూట తెల్లగా పూసే సొర ఉంది. పసుపే కావాలనుకుంటే సాయంత్రం విచ్చే బీర ఉంది. వాటిని వదిలేసి దీన్ని పట్టుకున్నారెందుకో!

—

వెన్నెల తెల్లగానే ఉండాలని ఎవరన్నారండీ? అప్పుడే పైకొస్తున్న నిండు చంద్రుణ్ణి చూడండి, పసుపే. దిగంతం దగ్గర వెలుగు ఎక్కువ గాలిని దాటుకుని రావాలి. నీలం దారిలోనే చెదిరిపోతుంది, పసుపూ ఎరుపూ మిగులుతాయి. నడినెత్తికి వచ్చాక తెల్లబడుతుంది. తెల్ల వెన్నెలకు "పిండారబోసినట్టు" అనే మాట ఉండనే ఉంది. నా లెక్కన పుచ్చపువ్వు తొలిజాముది, పిండి నడిరేయిది. రచయితలు రెంటినీ కలిపేసి వాడుతున్నారు, నిజమే.

—

పుచ్చ అనగానే ఎర్రగుజ్జు కాయే ఎందుకు కావాలి? వెర్రిపుచ్చ లేదూ, ఇసుక నేలల్లో దానంతటదే పాకే చేదుకాయ? ("వెర్రి" అంటే ఇక్కడ పిచ్చి కాదు, అడవిది అని.) అయితే దాని పువ్వూ పసుపే కాబట్టి రంగు తగాదా అలాగే ఉంటుంది. నాకు మాత్రం ఇది రంగు గురించిన మాటలా అనిపించదు. పుచ్చ నేలమీద పరుచుకునే తీగ. పువ్వు కూడా నేలకు దగ్గరగానే, రేకలు పూర్తిగా పరిచి వెల్లకిలా ఉంటుంది. వెన్నెల నేలంతా పరుచుకోవడం అందులో కనబడలేదా?

—

ఇంతకీ ఏ రకం వేశారు మేడమ్?

—

అడిగారు కాబట్టి చెబుతాను, నవ్వకండి. దాని పేరు మూన్ అండ్ స్టార్స్. ముదురాకుపచ్చ తొక్క మీద పెద్ద పసుపు మచ్చ చంద్రుడట, చిన్న చుక్కలు నక్షత్రాలట. ఆకుల మీద కూడా చుక్కలే. 1926లో అమెరికాలో ఒక విత్తనాల కంపెనీ అమ్మకానికి పెట్టింది. తర్వాత అంతరించిందనే అనుకున్నారు. 1981లో మిస్సోరిలో ఒక రైతు దగ్గర దొరికింది. ఏళ్ల తరబడి చేతులు మారుతూ వచ్చే ఇలాంటి గింజలను ఇంగ్లీషులో ఎయిర్‌లూమ్ అంటారు. తెలుగులో ఏమనాలో తేలక తల పట్టుకున్నాను. "నాటు" అందామంటే అమెరికాది. "పాత విత్తనం" అంటే మొలకెత్తదేమో అనిపిస్తుంది. "తరాల విత్తనం" అని డబ్బా మీద రాసుకున్నాను, మీకు మేలైన మాట తడితే చెప్పండి.

రంగు సంగతికి వస్తే, పరుచుకోవడం అన్న మాట బాగుంది కానీ నా తీగకు రోజుకు నాలుగైదు పూలు మించవు, అవీ చాలావరకు మగవే. పెద్ద చేను ఉన్నవాళ్లు చెప్పాలి. నేను తొలిజాము వైపు మొగ్గుతున్నాను. దానికి వేరే కారణం ఉంది. పక్కింట్లోనూ వేరే పుచ్చ ఉంది. తేనెటీగలు ఆ పుప్పొడి తెచ్చాయంటే ఈ కాయ రుచికేం ఢోకా లేదు గానీ, దాని గింజలు పెట్టి పెంచితే వచ్చే ఏడు కాసేది ఈ కాయ కాదు. అందుకని మర్నాడు విచ్చబోయే ఆడమొగ్గను ముందు సాయంత్రమే దారంతో కట్టాలి, మగమొగ్గనూ అంతే. పొద్దున్నే విప్పి, మగపువ్వును ఆడపువ్వుకు అద్ది మళ్లీ కట్టేయాలి. మొగ్గ కింద గోలీ అంత పిందె ఉంటే ఆడది. ఏది రేపు విచ్చుతుందో కొసన తొంగిచూసే లేత పసుపును బట్టి పోల్చుకోవాలి.

నిన్న ఆలస్యమైంది. చీకట్లో దారం పట్టుకుని తీగంతా తడుముతుంటే గోడ మీదుగా చంద్రుడు లేచాడు. ఆకుల కింద మూడు మొగ్గలు కనబడ్డాయి. కట్టేశాను.